కోర్టులున్నాయిగా అంటే చాలదు

"రాజ్యాంగం ఉంది, కోర్టులున్నాయి, ఐదేళ్లకోసారి ఓటుంది. ఇక స్వేచ్ఛకు వచ్చిన ముప్పేమిటి? తప్పు చేయనివాడికి భయమెందుకు?" చదువుకున్నవాళ్ల నోట తరచూ వినే మాట ఇది. ధైర్యం చెబుతున్నట్టే ఉంటుంది కానీ, నిజానికి మనల్ని జోకొట్టే మాట. మన చరిత్రే దీన్ని ఖండిస్తోంది.

ముందు కోర్టుల సంగతి చూద్దాం. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకంతో ఎమర్జెన్సీ వచ్చింది. కేంద్ర మంత్రివర్గం దాన్ని ఆమోదించింది మర్నాడు పొద్దున. ఆంతరంగిక భద్రతా చట్టం (మీసా) కింద వేలాదిమందిని విచారణ లేకుండా జైళ్లలో కుక్కారు. ఆ నిర్బంధాన్ని కోర్టులో సవాలు చేసే హక్కు వాళ్లకు ఉందని పలు హైకోర్టులు చెప్పాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ప్రభుత్వ వాదననే ఒప్పుకున్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి ఏడాది ఆయన్ను కాదని ఆయనకన్నా జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేస్తే, ఖన్నా రాజీనామా చేశారు. ఆ తీర్పు తప్పని తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం తేల్చింది 2017లో. నలభై ఒక్క ఏళ్ల తర్వాత వచ్చిన ఆ దిద్దుబాటు జైల్లో మగ్గినవాడికి ఏం ఒరగబెట్టింది?

ఇక ఓటు. 1977లో ప్రజలు ఎమర్జెన్సీకి బుద్ధి చెప్పారని గొప్పగా చెప్పుకుంటాం. అందులో మన వాటా ఎంత? ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే కట్టబెట్టాం. నంద్యాలలో జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి ఒక్కరే గెలిచారు. ఓటు దానంతటది స్వేచ్ఛను కాపాడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మళ్లీ అలాంటి రోజులు రాకూడదనే 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేశారు కదా అంటారు. చేశారు. ఎమర్జెన్సీలోనూ జీవించే హక్కును రద్దు చేయడానికి వీల్లేదన్నారు. అది గొప్ప విజయం. కానీ అదే సవరణలోని మూడో సెక్షన్ సంగతి ఎంతమందికి తెలుసు? ముందస్తు నిర్బంధాలను సమీక్షించే సలహా మండలిని ప్రభుత్వం తన ఇష్టప్రకారం వేయకూడదని, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సుతోనే వేయాలని అది చెబుతుంది. పార్లమెంటు ఆమోదించినా, ఏ పార్టీ ప్రభుత్వమూ నోటిఫికేషన్ ఇచ్చి దాన్ని అమల్లోకి తేలేదు. అడిగేవాళ్లు లేకపోతే చట్టం కాగితంమీదే ఉండిపోతుంది.

దాని ఫలితం మన ఊళ్లలోనే కనిపిస్తోంది. 1986లో దొంగసారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారుల పేరుతో వచ్చిన ముందస్తు నిర్బంధ చట్టం పీడీ యాక్ట్‌లోకి, 2018లో తెలంగాణ ప్రభుత్వం నకిలీ విత్తనాలు, ఆహార కల్తీ, సైబర్ నేరాలు వంటివెన్నో చేర్చింది. ఒక్కొక్కటీ వింటే న్యాయంగానే తోస్తుంది. కల్తీగాళ్లను వెనకేసుకొచ్చేదెవరు? కానీ నేరాన్ని రుజువు చేసి శిక్షించడానికి వేరే చట్టాలున్నాయి. పీడీ యాక్ట్ పెడితే రుజువుతో పనిలేకుండా మనిషిని ఏడాది దాకా లోపల ఉంచవచ్చు. తెలంగాణలో దీన్ని అలవోకగా ప్రయోగించే ధోరణిని 2023లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

"తప్పు చేయనివాడికి భయమెందుకు" అనేవాళ్లకు నా జవాబు ఇదే. తప్పు చేశాడో లేదో తేల్చకుండానే లోపల వేయగల చట్టం ముందు ఆ మాటకు అర్థం లేదు.

అధికారం ఏ పార్టీ చేతిలో ఉన్నా ఇలాంటి చట్టాలను వదులుకోదు. ప్రతిపక్షంలో ఉండగా తిట్టినవాళ్లే గద్దెనెక్కాక వాడుకుంటారు. కాబట్టి కాపలా మన పనే. అసెంబ్లీలో కొత్త బిల్లు పెడితే, అందులో విచారణ లేని నిర్బంధం ఉందేమో చూడండి. మీ ఎమ్మెల్యేని, ఎంపీని నిలదీయండి. మీకు గిట్టని మనిషిని నిర్బంధించినప్పుడు సైతం కారణం అడగండి. ఆ మూడో సెక్షన్‌ను ఎప్పుడు అమలు చేస్తారని ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ప్రశ్నించండి.