వెనక సీటు మీది నడుం

నడుం నొప్పి రాగానే మనం పరుపును అనుమానిస్తాం, ఆఫీసు కుర్చీని అనుమానిస్తాం, చివరికి వయసును తప్పుపడతాం. వాకిట్లో నిలబెట్టిన బైక్ మీదికి మాత్రం అనుమానం పోదు. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లోని కుటుంబాలు ఒకసారి దాని వైపు కూడా చూడాలి. 2018లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక మెయిన్ రోడ్డు ప్రయాణం సులువైంది. స్టేషన్ నుంచి ఇంటి దాకా మాత్రం చాలామందికి బైకే దిక్కు. గతుకులు, తవ్వి పూడ్చిన గుంతలు, ఇష్టమొచ్చినట్టు వేసిన స్పీడ్‌బ్రేకర్లు ఎక్కువగా ఉండేది ఆ కొద్ది దూరంలోనే.

కూర్చున్న మనిషి వెన్నెముక సెకనుకు సుమారు 4 నుంచి 6 సార్లు వచ్చే కుదుపులకు ఎక్కువగా ఊగుతుంది. గతుకుల దారిలో బైక్ ఇచ్చే కుదుపుల్లో ఈ రకమూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఇవి తగిలితే వెన్నుపూసల మధ్య డిస్కుల మీద భారం పెరుగుతుంది. పని చేసే చోట శరీరానికి తగిలే కుదుపుకు ఐరోపా దేశాలు 2002లోనే పరిమితి విధించాయి. మన బైక్ ప్రయాణాలను కొలిచేవారెవరూ లేరు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. బండి నడిపేవారు రెండు చక్రాల మధ్య కూర్చుంటారు. గుంత ముందే కనిపిస్తుంది కాబట్టి ఒళ్లు కూడదీసుకుంటారు. వెనక కూర్చున్న భార్యో, అమ్మో దాదాపు వెనక చక్రం మీదే ఉంటారు. దెబ్బ తగిలాకే వారికి గుంత సంగతి తెలుస్తుంది. కాళ్లు ఒకవైపు వేసుకుని కూర్చుంటే నడుం మెలితిరిగి ఉంటుంది కూడా. ఎముకలు గుల్లబారిన పెద్దవారికి ఒక్క పెద్ద కుదుపు చాలు, వెన్నుపూస నలగడానికి. బండికి ఏం చేయించాలో నిర్ణయించేది ఒకరు, దెబ్బ తినేది మరొకరు.

షాక్ అబ్సార్బర్‌లో స్ప్రింగు దెబ్బను మింగుతుంది, లోపలి ఆయిల్ ఆ ఊపును ఆపుతుంది. ఆయిల్ కారిపోతే స్ప్రింగు ఒక్కటే మిగిలి బండి ఎగురుతూనే ఉంటుంది. సీటు వెనక భాగాన్ని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకుంటే మంచిదే. రెండు మూడు సార్లు ఊగినా, రాడ్ మీద ఆయిల్ తడి కనిపించినా మెకానిక్‌కు చూపించాలి.

కొత్తవి వేయించే ముందు ఉన్నవాటిని సరిచేసుకోండి. చాలా బైక్‌లకు స్ప్రింగు బిగువు మార్చే మెట్లు ఉంటాయి. ఒక్కరే తిరిగేటప్పుడు వదులుగా, ఇద్దరు ఎక్కేటప్పుడు బిగువుగా పెట్టించాలి. టైరులో గాలి కూడా కంపెనీ చెప్పినంతే ఉండాలి. మార్చక తప్పకపోతే జంటగా మార్చండి. ఖరీదైనదీ, గ్యాస్ నింపినదీ అని కాదు, మీ మోడల్‌కు, మీరు మోసే బరువుకు సరిపోతుందా అని అడగండి. మరీ గట్టి స్ప్రింగు వేస్తే దెబ్బ నేరుగా నడుముకే చేరుతుంది. పొడవు తేడా వస్తే బండి నిలకడే మారిపోతుంది.

షాక్ అబ్సార్బర్ మందు కాదు. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరి పట్టినా, కాలు బలహీనపడినా బెల్టుతో, మాత్రలతో కాలక్షేపం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మల మూత్రాల మీద పట్టు తప్పితే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేరాలి.

భారమంతా ఇంటి మీదే వేయడం కూడా న్యాయం కాదు. స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో నున్నగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం చెప్పింది. కాలనీ సంఘాలు టేపు పట్టుకుని తమ వీధిలోని దాన్ని కొలిచి, ఆ లెక్కతో మున్సిపల్ అధికారులను అడగాలి. ఈలోగా ఈ ఆదివారం బండి కడిగేటప్పుడు సీటును ఒకసారి నొక్కి చూడండి. వెనక కూర్చునేవారిని నడుం ఎలా ఉందో అడగండి.