ఆకేరుకు ఉపనదులు చెరువులే

గోదావరి, కృష్ణా పరీవాహక ప్రాంతాలను వేరుచేసే జలవిభాజకం, అంటే కురిసిన వాన ఎటు పారాలో తేల్చే ఎత్తు నేల, పాత వరంగల్ జిల్లా నడుమగా సాగుతుంది. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా విడిపోయి ఏర్పడ్డ కొత్త జిల్లాల్లో భూపాలపల్లి వాగులు గోదావరి వైపు పారితే, జనగామ, మహబూబాబాద్ వాగులు చాలావరకు కృష్ణ వైపు మళ్లుతాయి. ఈ రెండో కోవకు చెందిన ఆకేరు జనగామ మెట్టల్లో పుట్టి, వర్ధన్నపేట ప్రాంతం మీదుగా మహబూబాబాద్ జిల్లాలోని నెల్లికుదురు, మరిపెడ, డోర్నకల్ మండలాలను ఒరుసుకుంటూ ఆగ్నేయంగా సాగి, ఖమ్మం జిల్లా తీర్థాల వద్ద మున్నేటిలో కలుస్తుంది. బుగ్గేరు కూడా అక్కడికే చేరుతుంది కాబట్టి ఆ చోట సంగమేశ్వరాలయం ఉంది, శివరాత్రికి జాతర జరుగుతుంది. అక్కడి నుంచి కృష్ణ దాకా వినిపించేది మున్నేరు పేరే. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా పరీవాహకాన్ని విభజించిన 12 ఉపపరీవాహకాల్లో చివరిది కూడా ఆ పేరు మీదే ఉంది.

పటంలో ఆకేరుకు చెప్పుకోదగ్గ ఉపనదులు కనిపించవు. కాకతీయుల కాలం నుంచి ఈ మెట్ట నేలల్లో ఒర్రెలకు అడ్డంగా కట్టలు పోసి, ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువులోకి చేరేలా గొలుసుకట్టుగా నిర్మించారు. మత్తడి అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే కట్టుబడి, దీనినే అలుగు అని కూడా అంటారు. గొలుసులో ఆఖరి చెరువు మత్తడి కాలువే వాగై ఆకేటిలో పడుతుంది కనుక, ఈ నదికి ఉపనదుల జాబితా రాయాలంటే ముందు చెరువుల జాబితా రాయాలి. మున్నేటి మాటా అంతే. 13వ శతాబ్దంలో గణపతిదేవుని ఏలుబడిలో కట్టిన పాకాల చెరువు మిగులు నీరే దానికి మొదలు.

వరదను చెరువు ఆపుతుంది, ఒక హద్దు వరకే. ఆ హద్దు దాటి ఎగువ కట్ట తెగితే రోజంతా పారాల్సిన నీరు కొద్ది గంటల్లో దిగువ చెరువు మీద పడి, దాని కట్టనూ తెంచే ప్రమాదం ఉంటుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వరంగల్–ఖమ్మం రహదారి వంతెన మీదుగా పొర్లింది, పక్కనే సీతారాం తండా మునిగింది. ఆకేరు, మున్నేరుల నడుమ కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ మార్గం మూతబడింది. నీరు పారే వాలుకు అడ్డంగా వేసిన రైలు కట్ట కూడా ఒక చెరువు కట్టలాంటిదే, కాకపోతే దానికి మత్తడి బదులు ఇరుకైన కల్వర్టులు ఉంటాయి.

జలవిభాజకానికి అవతల కథ వేరు. 2023 జులై 27న ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడి, మోరంచ వాగు తెల్లవారేసరికి మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కారు, కొందరు కొట్టుకుపోయారు. అంత వానకు ఏ కట్టడమైనా సరిపోతుందనడం అతిశయోక్తి. ఆకేటి విషయంలో మాత్రం ఆ వాదన చెల్లదు, ఎందుకంటే అక్కడి వరదలో కొంత భాగం కట్టల నిర్వహణ లోపం, మత్తడి కాలువల ఆక్రమణ వల్ల పెరిగేదే.

వేసవి ప్రవాహానిది మరో చిక్కు. వాన లేని రోజుల్లో నేలలోంచి ఊరి వచ్చే నీటిని ఊట ప్రవాహం అంటారు. నది అడుగున ఉన్న ఇసుకే దానిని పట్టి ఉంచుతుంది. ఇసుక తోడేసిన చోట ఒడ్డు బావులు ముందుగా ఎండుతాయి. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలు, గంగారం వద్ద ఎత్తిపోసే దేవాదుల పథకం ఈ లోటును కొంత పూడ్చాయి. అవి తెచ్చేది గోదావరి నీరు, పొలాల్లో ఇంకి మళ్లీ ఊరి చేరేది కృష్ణకు పారే వాగుల్లోకి.

దిగువన ఖమ్మంలో మున్నేటికి ఇరువైపులా రక్షణ గోడల నిర్మాణం చేపట్టారు. అవి నగరాన్ని కాపాడవచ్చు గానీ, ఎగువన తిరుమలాయపాలెం, మరిపెడ మండలాల తండాలకు వాటి వల్ల ఒక్క అడుగు నీరూ తగ్గదు. అక్కడ తగ్గాలంటే జనగామ, మహబూబాబాద్ జిల్లాల చెరువుల కట్టలనూ మత్తడులనూ వానాకాలం ముందే ఒకే గొలుసుగా తనిఖీ చేయాల్సి ఉంటుంది.