వలస పిట్టకు చెక్కగూడు

వసంతము రాగానే అడవి చిగిర్చును. చిగురుతో పాటు పాటయు రావలెను. కాని పాట రావలెనన్నచో, పాడు పిట్టకు నిలువ నీడ ఉండవలెను. కొమ్మపై గూడల్లుకొను పక్షికి కొమ్మ చాలును. తొఱ్ఱలో తప్ప గ్రుడ్లు పెట్టనొల్లని పక్షికి ముసలిచెట్టు కావలెను. కలపకై పెంచు అడవులలో చెట్టు ముసలిదగుటకు ముందే గొడ్డలి పడును. తొఱ్ఱపక్షుల కష్టమునకు మూల మిదియే.

ఇంగ్లండు పశ్చిమ భాగమున డీన్ అడవి కలదు. అందు నాగ్స్‌హెడ్ అను చోట 19వ శతాబ్ది ఆరంభమున యుద్ధనౌకల కలపకై ఓకు చెట్లు నాటిరి. అవి ఎదుగు లోపల నౌకలు ఇనుముతో కట్టబడసాగెను, చెట్లు మిగిలిపోయెను. ఆ ఓకుల ఆకులను గొంగళిపురుగులు తినివేయుచుండగా, 1942లో అచ్చటి చెట్లకు చెక్కపెట్టెలు తగిలించిరి. పురుగులను ఏరి తిను పక్షులను రప్పించుటయే వారి ఉద్దేశము.

ఆ పిలుపు నందుకొని వచ్చినది పైడ్ ఫ్లైకాచర్ అను చిన్న పిట్ట. దాని బరువు సుమారు 12 గ్రాములు. మగది నలుపు తెలుపుల వన్నె గలది. పశ్చిమాఫ్రికాలో చలికాలము గడపి, సహారా ఎడారిని దాటి, ఏప్రిల్ నెలలో ఇంగ్లండు చేరును. మగపిట్ట ముందుగా వచ్చి, ఒక తొఱ్ఱ నెన్నుకొని, దాని చెంత పాడుచు ఆడుపిట్టను పిలుచును. ఇల్లు దొరకనిదే ఆ పాటకు ఫలము లేదు.

చెక్కపెట్టె చేయుట సులభమే. కాని కొంత ఆలోచన కావలెను. ద్వారము 28 మిల్లీమీటర్లుండిన చాలును. అంతకు పెద్దదైనచో పెద్ద పక్షులు చొరబడును. ద్వారము క్రింద వ్రాలుటకు పుల్ల అమర్చరాదు. అది శత్రువునకే ఆసరా యగును. తీవ్రమైన ఎండకు, వానజల్లుకు ఎదురుగా పెట్టెను కట్టరాదు. ఏటేటా పాతగూటిని తీసివేసి శుభ్రపఱుపవలెను. మఱియొక చిక్కు కలదు: చలికాలమంతయు అచ్చటనే గడపిన టిట్ అను పిట్టలు ముందే పెట్టెల నాక్రమించును. కావున కొందఱు కొన్ని పెట్టెల ద్వారములను మూసియుంచి, వలసపిట్ట వచ్చు వేళకు తెఱతురు. ఆతిథ్యమనగా తలుపు తెఱచుట మాత్రమే కాదు. ఎవరికై, ఎప్పుడు తెఱవవలెనో ఎఱుగుట.

ఐనను, పెట్టె ఇల్లే గాని అన్నము గాదు. వసంతము వేడెక్కుటచే గొంగళిపురుగులు ముందుగా పుట్టి ముందుగా పోవుచున్నవి. ఆఫ్రికాలోనున్న పిట్టకు ఆ కబురు అందదు. అది వచ్చి పిల్లలను పొదుగునప్పటికి విందు ముగిసిపోవును. 2006లో ప్రకటింపబడిన నెదర్లాండ్స్ పరిశోధన ప్రకారము, పురుగులు మిక్కిలి ముందుగా వచ్చు అడవులలో ఈ పిట్టల సంఖ్య రెండు దశాబ్దములలో సుమారు 90 శాతము తగ్గినది. పెట్టెలుండియు తగ్గినది. మేకు కొట్టి పెట్టె తగిలించుటతో మానవుని బాధ్యత తీరదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

తెలుగునాటి విద్యార్థులును ఇందలి నీతిని గ్రహింపవచ్చును. శీతకాలమున ఇచ్చటికి వచ్చు వలసపిట్టలలో అధికభాగము ఉత్తర దేశములలో గూడు కట్టి, ఇచ్చటికి తిండికై వచ్చునవి. వానికొఱకు పెట్టెలు కట్టి ఎదురుచూచుట వ్యర్థము. వానికి కావలసినవి తోపులు, పొదలు, విషము చల్లని నేలలోని పురుగులు. తొఱ్ఱలు కావలసినవి ఇచ్చటనే కాపురముండు చిలుకలకు, గోరువంకలకు. పాఠశాల ఆవరణలోని ముసలి వేపచెట్టును పనికిరానిదని కొట్టివేయుటకు ముందు, ఉపాధ్యాయుడు ఒక ఉదయము పిల్లలను దాని క్రింద కూర్చుండబెట్టి పైకి చూడుమనవలెను. ఆ తొఱ్ఱలోనుండి ఒక ముక్కు తొంగిచూచినచో, ఆ చెట్టు పనికివచ్చునో రాదో పిల్లలే చెప్పగలరు.