దారం చూపే దూరం

గ్లోబు మీద ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక దారాన్ని బిగించి పట్టుకుంటే అది టిబెట్‌ను, సైబీరియాను దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా అలాస్కా వైపు దిగుతుంది. దాని కొలత సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ రెండు నగరాల నడుమ అంతకంటె దగ్గర దారి లేదు. అయినా ప్రయాణికుల విమానాలు సాధారణంగా ఆ దారం వెంట పోవు. విమానం లోపల గాలి ఒత్తిడి తగ్గిపోయిన పక్షంలో వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగవలసి ఉంటుంది. టిబెట్‌లో ఆ ఎత్తున ఉన్నది ఆకాశం కాదు, నేల!

2016 వరకు ఎయిర్ ఇండియా విమానం పశ్చిమంగా బయలుదేరి, ఐరోపాను, అట్లాంటిక్‌ను దాటి శాన్‌ఫ్రాన్సిస్కో చేరేది. ఆ ఏడు అక్టోబరులో దానిని తూర్పు ముఖంగా, పసిఫిక్ మీదుగా నడిపారు. ఈ దారి 15,300 కిలోమీటర్లు. అంటే పాత దారికంటె దాదాపు 1,400 కిలోమీటర్లు అధికం. అయినప్పటికీ ప్రయాణం పద్నాలుగున్నర గంటలలో ముగిసింది. పాత దారితో పోలిస్తే సుమారు రెండు గంటలు కలిసివచ్చాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. భూమికి పది కిలోమీటర్ల ఎత్తున, సమశీతోష్ణ మండలాలలో, పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తూ ఉంటాయి. వీటినే జెట్ ప్రవాహాలంటారు. విమానం వేగం చుట్టూ ఉన్న గాలిని బట్టి ఏర్పడేదే గాని నేలను బట్టి కాదు. గోదావరిలో వాలున పోయే పడవకూ ఎదురెక్కే పడవకూ ఉన్న భేదమే ఇక్కడా ఉన్నది. తిరుగు ప్రయాణం కూడా అట్లాంటిక్ మీదుగా తూర్పు దిక్కుకే సాగడం వల్ల, వెళ్ళివచ్చేసరికి భూప్రదక్షిణం పూర్తి అయ్యేది.

గాలి ఎదురైతే చుట్టు తిరిగి దానిని అనుకూలం చేసుకోవచ్చు. పొరుగు దేశపు ఆకాశం మూసుకుపోతే ఆ సౌలభ్యం లేదు. ఢిల్లీ నుండి తాష్కెంటు (1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి కన్నుమూసిన నగరమే) సుమారు 1,600 కిలోమీటర్లు. ఢిల్లీ, హైదరాబాదుల నడుమ దూరంకంటె మూడు నాలుగు వందలే ఎక్కువ. మూడు గంటల ప్రయాణం. 2025 ఏప్రిల్‌లో, పహల్‌గామ్ దాడి పిమ్మట, పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసింది. అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవడానికి ఇండిగో సంస్థ విమానాల ఇంధనం చాలలేదు. తాష్కెంటు, అల్మాటీ సర్వీసులను ఆ నెలాఖరులో నిలిపివేశారు. ఉత్తర అమెరికాకు పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నాలో దిగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. 2019లో, బాలాకోట్ దాడి తరువాత, అయిదు నెలలపాటు జరిగినదీ ఇదే.