హెర్నియా ఆపరేషన్: సర్జన్‌ని అడగవలసిన ప్రశ్న

గజ్జలో హెర్నియా ఉందనగానే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "పెద్ద కోత లేకుండా చేసే కొత్త ఆపరేషన్ ఉందటగా డాక్టరుగారూ, అది చేయించమంటారా?" అని. సబబైన ప్రశ్నే. కాని దానికి జవాబు పద్ధతిలో కంటే, ఆపరేషన్ చేసే చేతిలో ఎక్కువగా ఉంది.

హెర్నియాను వరిబీజంతో పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు. వరిబీజంలో బీజం చుట్టూ నీరు చేరుతుంది. హెర్నియాలో పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలి పేగో, కొవ్వో బయటికి తోసుకువస్తుంది. ఇది మందులకు తగ్గేది కాదు.

1980లలో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ అనే సర్జన్ గజ్జలో కోసి, బలహీనమైన చోట మెష్ అనే సన్నటి వల కుట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి కూడా చేయవచ్చు. 1990ల నుంచి లాపరోస్కోపీ వచ్చింది. చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి, తెర మీద చూస్తూ మెష్‌ను లోపలి వైపున పరుస్తారు. మొదటి రోజుల్లో నొప్పి తక్కువ, కాస్త ముందుగా పనిలోకి వెళ్ళవచ్చు.

చిక్కంతా నేర్చుకోవడంలోనే ఉంది. ఇన్నాళ్ళూ ముందు నుంచి చూసిన గజ్జను సర్జన్ ఇప్పుడు వెనక నుంచి చూడాలి. వీధి గుమ్మం ఎంత అలవాటైనా, చీకట్లో పెరటి దారిన వస్తే తడుముకోక తప్పదు కదా! పైగా చేయి కుడికి కదిపితే పరికరం మొన ఎడమకు పోతుంది. అక్కడ పెద్ద రక్తనాళాలున్న చోటుకు సర్జన్లు "మృత్యు త్రికోణం" అనీ, నరాలున్న పక్క చోటుకు "నొప్పి త్రికోణం" అనీ పేర్లు పెట్టుకున్నారు. ఆ నరాల మీద క్లిప్పు పడితే రోగికి నెలల తరబడి నొప్పి.

అందుకే ముందు బొమ్మ పెట్టెల మీద సాధన, తరువాత అనుభవజ్ఞుడి పక్కన కెమెరా పట్టుకోవడం, ఆయన చూస్తుండగా కొంత కొంత చేయడం, అటు పిమ్మటే సొంతంగా, అదీ సులువైన కేసులతో. రెండు రోజుల శిక్షణ శిబిరానికి వెళ్ళి వస్తే అబ్బే విద్య కాదిది.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో దాదాపు 2 వేల మందిపై జరిగిన పరిశీలన 2004లో వెలువడింది. రెండేళ్ళలో హెర్నియా తిరగబెట్టింది కోత పద్ధతిలో నూటికి 5గురికి, లాపరోస్కోపీలో 10 మందికి. అయితే లాపరోస్కోపీలు 250కి మించి చేసిన సర్జన్ల చేతిలో ఈ తేడా దాదాపు పోయింది. 250 అనేది గీత గీసిన లెక్కేమీ కాదు. కొందరికి అంతకు చాలా ముందే చేయి తిరుగుతుంది.

కనుక మొహమాటపడకుండా అడగండి: "ఈ పద్ధతిలో ఎన్ని చేశారండీ? ఎందరికి తిరగబెట్టింది?" మంచి సర్జన్ కోపగించుకోరు. కొత్తగా నేర్చుకుంటున్నవారైతే, పక్కన అనుభవమున్న సర్జన్ ఉంటారేమో తెలుసుకోండి. ఉంటారంటే బెంగ అక్కరలేదు. మీ సర్జన్‌కి చేయి తిరిగింది కోత పద్ధతే అయితే, అది చేయించుకోవడం వెనకబాటుతనమూ కాదు. రెండు వైపులా హెర్నియా ఉన్నా, కోసి చేసినది తిరగబెట్టినా మాత్రం లాపరోస్కోపీలో ఆరితేరినవారిని వెతుక్కుంటూ పక్క ఊరు వెళ్ళడం మంచిదే.

ఈ విచారణంతా వ్యవధి ఉన్నప్పుడే సుమండీ! ఉబ్బు గట్టిపడి లోపలికి పోకుండా, నొప్పీ వాంతులూ మొదలైతే పేగు నులుముకుపోయి ఉండవచ్చు. నోటికి ఏమీ ఇవ్వకుండా, ఆలస్యం చేయకుండా, దగ్గర్లో ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.