ముట్టుకోనివ్వని చోటికే వెళ్దాం

"అంత దూరం పోతే ఏనుగు మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. ఎక్కడో కంచె అవతల అది గడ్డి తింటుంటే చూసి రావడానికా మనం వెళ్ళింది?" ఉత్తరాది యాత్రలు చేసొచ్చిన ఆడవాళ్ళ నోట ఇలాంటి మాట ఈ మధ్య నాలుగైదు సార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నాకు ఒకటే అనిపించింది. ముట్టుకోనివ్వలేదంటే మీరు సరైన చోటికే వెళ్ళారమ్మా! ఎక్కించి, తొండంతో దండ వేయించి, ఫొటో తీసి పంపేది వ్యాపారం. దాని బోర్డు మీద 'సంరక్షణ' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా అది వ్యాపారమే.

నా వయసు వాళ్ళకి ఎలుగుబంటి ఆట గుర్తుండే ఉంటుంది. డమరుకం చప్పుడు వినిపించగానే పిల్లలం వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. ఎలుగు రెండు కాళ్ళ మీద నిలబడి ఊగేది. ఆట అయ్యాక ఆడించేవాడు దాని వెంట్రుకలు నాలుగు పీకి ఇచ్చేవాడు. వాటిని తాయెత్తులో పెట్టి పిల్లల మెడలో కడితే దడుపు పోతుందని నమ్మకం. ఆ తాయెత్తుకి డబ్బులిచ్చింది ఎవరనుకున్నారు? మగవాళ్ళు కాదు. బియ్యం చేటతో గుమ్మంలోకి వచ్చిన తల్లులు, అమ్మమ్మలు. మన పిల్లకి భయం పోవడానికి ఇంకో తల్లి పిల్లని ఏం చేశారో ఆ గుమ్మంలో ఎవరూ అడగలేదు.

ఏం చేసేవారో చెప్తాను, చదవడం కష్టమైనా చదవండి. ఎలుగు తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ఎలుగు జాతులన్నిటిలో ఇలా పిల్లల్ని మోసే అలవాటు మన దేశపు ఎలుగుకే ఎక్కువ. ఆ పిల్ల చేతికి రావాలంటే తల్లిని చంపాలి. తర్వాత పిల్ల ముక్కుకి కాల్చిన ఇనుప సూదితో కన్నం పొడుస్తారు. మత్తు ఏమీ ఉండదు. ఆ పచ్చిపుండులోంచే తాడు దూరుస్తారు. కోరపళ్ళు ఊడగొడతారు. తాడు లాగితే నొప్పి, నొప్పి పుడితే పైకి లేస్తుంది. అదే మనం చప్పట్లు కొట్టిన నాట్యం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఎలుగు, పులి, సింహం, కోతి వంటివాటిని ఆడించకూడదని 1998లో కేంద్ర ప్రభుత్వం ప్రకటన జారీ చేసింది. అయినా రోడ్ల మీద ఆట సాగుతూనే ఉంది, ఎందుకంటే తరతరాలుగా ఆ తాడు పట్టుకుని బతికిన కలందర్ కుటుంబాలకి వేరే కూడు లేదు. ఢిల్లీలో 1995లో కార్తీక్ సత్యనారాయణ, గీతా శేషమణి మొదలుపెట్టిన వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ ఈ ముడి ఎక్కడుందో సరిగ్గా పట్టుకుంది. ఎలుగుని ఇచ్చేసిన కుటుంబానికి వేరే జీవనం చూపించారు. ఎలుగులకి ఆగ్రా దగ్గర కీఠం చెరువున్న సూర్ సరోవర్ పక్షుల అభయారణ్యంలో చోటు ఏర్పడింది. 600 పైచిలుకు ఎలుగులు తాళ్ళు తెంచుకుని బయటపడ్డాక, 2009లో దేశంలో ఆ ఆటకి తెరపడిందని ప్రకటించారు.

నన్ను కదిలించేది ఎలుగులొక్కటే కాదు. ఆ కలందర్ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కుట్టుపని, చిన్న చిన్న చేతిపనులు నేర్చుకున్నారు, పిల్లలు బడికి వెళ్ళారు. "జంతువులంటే జాలి సరే, వాటి మీద బతికేవాళ్ళ పొట్ట కొడతారా?" అని అడిగేవారికి నా జవాబు ఈ ఇళ్ళే. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు లేకుండా జాలి చూపించేవాళ్ళంటే నాకూ చిరాకే. మావటి మాత్రం సుఖపడుతున్నాడా ఏమిటి? ఏనుగుతో పాటు వాడూ అదే ఎండలో, అదే తారు రోడ్డు మీద నడుస్తాడు.

ఏనుగు సంగతి మరీ ఘోరం. మొసలి కాలు పట్టుకుంటే గజేంద్రుడి కోసం కన్నీళ్ళు పెట్టుకునే వాళ్ళం మనం. అదే ఏనుగు కాలికి గొలుసు వేసి నడివేసవిలో వీధి తిప్పితే, అరటిపండు పెట్టి, తొండంతో ఆశీర్వాదం తీసుకుని, పసిబిడ్డని దాని కడుపు కింద నుంచి దాటించి, తోక వెంట్రుక ఉంగరం కొనుక్కుని లోపలికి పోతాం. దాని అరికాళ్ళు ఎలా ఉన్నాయో వంగి చూసిన ఆడకూతురు ఎవరైనా ఉందా? మథుర దగ్గర చుర్ముఱాలో ఇలాంటి ఏనుగుల కోసమే 2010లో ఒక కేంద్రం వచ్చింది, 2018లో ఆసుపత్రి కూడా తెరిచారు. అక్కడికి చేరిన ఏనుగుల్లో కళ్ళు పోయినవి ఉన్నాయి, కాళ్ళు చీము పట్టినవి ఉన్నాయి. వాటికి కాళ్ళు కడిగి మందు వేయడం అక్కడ రోజూ ఉండే పని, మనింట్లో వంటలాగా.

ఇక "దగ్గరగా చూసి ముట్టుకుంటేనే కదా పిల్లలకి ప్రేమ పుట్టేది" అనే వాదన. ఈ వాదన నేను ఒప్పుకోను. బాలింత గదిలోకి పదిమందిని పంపించి "ముట్టుకోండి, ప్రేమ పుడుతుంది" అంటామా? ఆసుపత్రిలో రోగి మంచం మీద ఎక్కి ఫొటో దిగుతామా? పళ్ళు ఊడగొట్టిన ఎలుగు అడవిలో బతకలేదు, అందుకే దాన్ని తిరిగి వదలరు. చెట్టుకింద ఊయల, తవ్వుకోవడానికి మట్టి, తేనె, పండ్లు, మనుషుల గొడవ లేని మధ్యాహ్నం, దానికి మిగిలినవి ఇవే. అది నిద్రపోతుంటే చూసి "ఏమీ లేదు, పడుకుని ఉన్నాయి" అని పెదవి విరవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఎవరూ తాడు లాగకుండా అది పడుకోగలగడమే కదమ్మా అక్కడ చూడాల్సింది! ఆరేళ్ళ పిల్లకి ఈ మాట చెప్పి చూడండి. పెద్దవాళ్ళకంటే త్వరగా అర్థం చేసుకుంటుంది.

పేరు చూసి మోసపోయే ప్రమాదమూ ఉంది. బ్యాంకాక్ ప్యాకేజీల్లో పులిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న ఫొటోలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని తిరిగాయో. థాయిలాండ్‌లో కాంచనబురి దగ్గర పులుల గుడి అని ఒకటి ఉండేది. సన్యాసులు, దయ, పులులకి ఆశ్రయం, అన్నీ చెప్పుకునేవారు. 2016లో అధికారులు లోపలికి వెళ్తే ఫ్రీజరులో 40 పులిపిల్లల కళేబరాలు దొరికాయి. ఒళ్ళో పెట్టుకోవడానికి ఏడాది పొడుగునా చిన్నపిల్లలు ఎక్కడినుంచి వస్తున్నాయని టికెట్ కొనేముందు ఒక్కరు అడిగినా బాగుండేది. కూరగాయల బండి దగ్గర వంకాయలో పురుగుందా అని పదిసార్లు తిప్పి చూస్తాం. అదే కన్ను ఇక్కడా పెట్టాలి. ఇక్కడ పిల్లల్ని కనిపిస్తున్నారా? ఎక్కనిస్తారా? స్నానం చేయించనిస్తారా? ఫలానా వేళకి ఆట ఉందా? వీటిలో దేనికైనా అవునంటే, నేనైతే పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి వచ్చేస్తాను.

అసలు మనం వెళ్ళకుండా ఉండాల్సిన చోట్లు కూడా ఉంటాయి. విశాఖ జూలో సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలు, పులుల కోసం విడిగా కేంద్రం ఉంది. అలాంటివి సందర్శకుల కోసం పెట్టినవి కావు. వాటిని చూడలేదని బాధపడక్కర్లేదు. వీధిలోకి ఏనుగు వస్తే అరటిపండు పెట్టేబదులు అటవీశాఖకి ఫోన్ చేస్తే చాలు.

మథుర, బృందావనం, ఆగ్రా ప్యాకేజీకి పేర్లు ఇస్తున్నవాళ్ళకి ఒక్క మాట. ఈ రెండు కేంద్రాలూ ఆ దారిలోనివే. ముందుగా రాసి, ఏ రోజు ఏ వేళకి రానిస్తారో కనుక్కుని వెళ్ళాలి, బస్సు ఆపుకుని గుంపుగా దిగితే కుదరదు. లోపల గట్టిగా మాట్లాడకూడదని పిల్లలకి బస్సులోనే చెప్పండి. టైము లేదని టూరు అతను అంటాడు, తప్పకుండా అంటాడు. ఆగ్రాలో పాలరాతి బొమ్మల దుకాణం దగ్గర బస్సుని గంటన్నర నిలబెడతాడు చూడండి, ఆ గంటన్నర అడగండి.