తెలుగులో చెప్పలేనివాడికి తాళంచెవి ఇవ్వకండి

పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి స్పోర్ట్స్ కార్లతో ఏమి పని? ఈ ప్రశ్న నన్ను అడిగినవారు సామాన్యులు కారు. నాతోపాటు రోజూ సాయంత్రం బందరు కాలువ గట్టున నడిచే మిత్రులు, నావలెనే భాషాప్రవీణులు. "ఛందస్సు చెప్పిన నోటితో ఇంటర్‌కూలరు మాట ఏమిటండీ, అవన్నీ మన భాషలో ఒదిగే విషయాలా?" అన్నారు. వారికి గట్టు మీద ఇచ్చిన సమాధానం నాకే చాలలేదు. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

నా వాదం మొదటనే చెప్పేస్తాను. ఒక వస్తువు ఎందుకు పనిచేస్తుందో కొనేవాడికి అర్థమయ్యే భాషలో చెప్పలేనివాడికి, ఆ వస్తువు అతనికి కూడా అర్థం కాలేదన్నమాట. అటువంటివాడి చేతికి బండి తాళంచెవి ఇవ్వడం పొరపాటు. ఇది నేను గ్రంథాలలో చదివి చెప్పడం లేదు. మా ఇంట్లో జరిగింది.

మా చెల్లెలి కుమారుడు పటమటలో వ్యాపారం చేసుకుంటున్నాడు. చిన్ననాటి ముచ్చట తీర్చుకోవడానికి సూపర్‌ఛార్జరు ఉన్న ఒక విదేశీ స్పోర్ట్స్ కారు పాతది కొన్నాడు. ఉదయం పూట సింహంలా పరుగెత్తే బండి, మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ దాటేసరికి నీరసించిపోతున్నదని ఒక దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడివారు నాలుగు ఇంగ్లీషు మాటలు గడగడ చెప్పి, ముందు చిన్న పుల్లీ వేశారు. నీరసం ఎక్కువైంది. తరువాత బండి ముక్కు వెనుక పెద్ద రేడియేటరు ఒకటి బిగించారు. నీరసం అలాగే ఉన్నది. హనుమాన్ జంక్షన్ దారిలో ఒకనాడు బండి శక్తి మొత్తం తగ్గించుకొని, హెచ్చరిక దీపం వెలిగించుకొని, ఆటో వేగంతో ఇల్లు చేరింది. "మావయ్యా, ఇంతకంటె పెద్దది వెయ్యాలంటున్నారు" అన్నాడు. "ఎందుకట?" అని అడిగాను. "అదేదో హీటు సోకు అట" అన్నాడు. డబ్బు పెట్టినవాడికి తెలిసింది అంతే! లక్షలు పోసి రెండు ఇంగ్లీషు మాటలు కొనుక్కొచ్చాడు.

ఇంతకూ విషయం అంత గహనమైనదా? చదువరులే చెప్పండి. కొలిమిలో బొగ్గు బాగా మండాలంటే కమ్మరి తిత్తి ఊదుతాడు. ఇంజనుకు తిత్తి వంటిది సూపర్‌ఛార్జరు. ఇంజను తన బెల్టుతోనే దానిని తిప్పుకొని, మామూలుగా పీల్చేదానికంటె ఎక్కువ గాలిని లోపలికి కుక్కుకుంటుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, శక్తి పెరుగుతుంది. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో హక్కు పొందిన గాలి యంత్రపు సూత్రమే నేటికీ అనేక కార్ల సూపర్‌ఛార్జర్లలో ఉన్నది. కొలిమి ఊదడానికి పనికివచ్చిన యంత్రమే కార్లలోకి ఎక్కింది. కాబట్టి తిత్తి అన్నది నా కవితాకల్పన కాదు.

అయితే ఒక చిక్కు ఉన్నది. సైకిలుకు గాలి కొట్టిన ప్రతివాడికీ తెలుసు, పంపు అడుగుభాగం చెయ్యి చురుక్కుమనేంత వేడెక్కుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడి గాలి పలచన. పైగా సిలిండరులో పెట్రోలు వేళ కాని వేళ అంటుకొని పిస్టనును సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. ఆ ప్రమాదం పసిగట్టి బండిలోని కంప్యూటరు నిప్పురవ్వ వేళను వెనక్కి జరిపి, శక్తిని తగ్గించి, ఇంజనును కాపాడుకుంటుంది. మావాడి బండి నీరసం అదే. అది రోగం కాదు, ఆత్మరక్షణ. నొక్కిన గాలిని ఇంజనులోకి పంపేముందు చల్లార్చే వస్తువే ఇంటర్‌కూలరు. 1942లో స్పిట్‌ఫైరు విమానాలకు ఎక్కించిన రెండంచెల మెర్లిన్ ఇంజనులో కూడా ఈ ఏర్పాటు ఉండేది.

ఇప్పుడు లెక్క చూద్దాం. గాలి ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు చేసే యంత్రం, 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తున్నదనుకోండి. బయట 15 డిగ్రీలున్న దేశంలో ఆ గాలి 74 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మన విజయవాడలో, బయట 40 డిగ్రీలుంటే, అదే గాలి 104 డిగ్రీలవుతుంది. ఇంటర్‌కూలరు పెరిగిన వేడిలో 70 పాళ్ళు తీసివేసినా అక్కడివాడి ఇంజనులోకి 33 డిగ్రీల గాలి, మనవాడి ఇంజనులోకి 59 డిగ్రీల గాలి పోతుంది. ఇక చిన్న పుల్లీ వేస్తే సూపర్‌ఛార్జరు ఇంకా వేగంగా తిరుగుతుంది. ఒత్తిడి రెండు రెట్లయితే మన ఊళ్ళో ఆ గాలి వేడి 150 డిగ్రీలు దాటుతుంది. వేడికి సొమ్మసిల్లిన మనిషి నెత్తిన మరో మూట పెట్టి "నడువు" అన్నట్లు లేదా ఇది?

ఇంకొక మాట. బయటి గాలితో చల్లార్చే ఏ ఏర్పాటూ బయటి గాలి కంటె చల్లగా చేయలేదు, దాని ఖరీదు ఎంతైనా సరే. దానిని దాటాలంటే ఐసు పోయాలి, లేదా ఏసీ యంత్రాన్ని ఆ పనికి పెట్టాలి. 2018 నమూనా డాడ్జ్ ఛాలెంజరు డెమన్ కారులో కంపెనీవారే ఏసీ చల్లదనాన్ని ఇంటర్‌కూలరు నీటికి మళ్ళించారు. అది కొద్ది క్షణాల పందెం కోసం చేసిన ఏర్పాటు; గన్నవరం దాకా ట్రాఫిక్కులో పోవడానికి కాదు. "ఇది వేస్తే చాలు, ఎండ మాటే మరచిపోతారు" అనేవాడు లెక్క రానివాడో, లెక్క దాచేవాడో అయివుండాలి.

ఈ సంగతి కృష్ణా డెల్టా మనిషికి బోధపడకపోవడం ఏమిటి? మనకు బుడమేరు నేర్పలేదా! 2024 సెప్టెంబరు మొదటి రోజులలో ఏమైంది? పైనుండి వరద ముంచుకొచ్చింది. మళ్ళింపు కాలువ పోయి కలవవలసిన కృష్ణమ్మే నిండుగా ఉన్నది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహిస్తున్నది. వచ్చే దారి పెద్దది, పోయే దారి మూసుకుపోయింది. గట్లు తెగాయి, సింగ్‌నగర్ మునిగింది. పుల్లీ మార్చడమంటే పైనుండి వరద పెంచడం. ముందరి రేడియేటరు అంటే వేడి పోయే కాలువ. మే నెల గాలి అంటే నిండుగా ఉన్న కృష్ణ. పోయే దారి చూడకుండా వచ్చే దారి పెంచినవాడిని మన ఊళ్ళో ఇంజనీరని పిలుస్తామా?

ఈ ఉపమానం నాదని చెప్పుకోవాలని ఉన్నది కాని, నాది కాదు. ఆటోనగర్‌లో లారీ రేడియేటర్ల పని చేసే నా పూర్వ విద్యార్థిది. పదవ తరగతిలో అతని తెలుగు జవాబుపత్రం మీద "భావవ్యక్తీకరణ శూన్యం" అని ఎర్రసిరాతో వ్రాసినవాడిని నేనే. మావాడిని వెంటబెట్టుకొని అతని షెడ్డుకు పోయాను.

"మాస్టారూ, ఇలాంటి బండి నేనెప్పుడూ విప్పలేదండి. నాకు తెలిసింది లారీలే. కానీ నీళ్ళు తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి ఏ బండైతే ఏముందండి?" అన్నాడు. ఈ కారులో ఇంటర్‌కూలరు నీటితో పనిచేస్తుంది. సూపర్‌ఛార్జరు కింద గాలి తన వేడిని నీటికిస్తుంది. చిన్న కరెంటు పంపు ఆ నీటిని బండి ముక్కు దగ్గరి రేడియేటరుకు తోస్తుంది. అక్కడ అది చల్లారి తిరిగి వస్తుంది. అతడు పంపు తిరిగేలా చేసి నీళ్ళ డబ్బా మూత తీసి చూశాడు. నీరు కదలడం లేదు. ఇంజను దగ్గరి గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నది; కొత్తగా వేసిన పెద్ద రేడియేటరు చల్లగా ఉన్నది. మావాడు "చల్లగానే ఉందిగా!" అని సంబరపడ్డాడు.

"చల్లగా ఉందని సంతోషపడకండి బాబూ. దాని పని వేడెక్కడం" అన్నాడు అతడు.

ముప్పై ఏళ్ళకు పైగా అలంకారశాస్త్రం చెప్పిన నాకు అంత క్లుప్తమైన వాక్యం ఏనాడూ పడలేదు. గొట్టంలో గాలి బుడగ నిలిచిపోయింది. పాత పంపు బలహీనమై దానిని తోయలేకపోతున్నది. బుడగ తీయించి, పంపు మార్పించి, పుల్లీ పాతదే వేయించాము. 41 డిగ్రీల ఎండలో అంతకు ముందు 80 దాటుతున్న గాలి వేడి 60కి అటూ ఇటూగా నిలిచింది. బండి మధ్యాహ్నం కూడా నడుస్తున్నది.

పెద్ద ఇంటర్‌కూలరు వేయవద్దని నేననడం లేదు. వరుస తప్పవద్దంటున్నాను. మొదట నీరు తిరుగుతున్నదో లేదో చూడాలి. తరువాత రేడియేటరు రెక్కల మధ్య పేరుకున్న దుమ్మూ ఊకా శుభ్రం చేయాలి. మన డెల్టా రోడ్ల మీద కోతల కాలంలో తిరిగిన బండికి అది తప్పదు. ఆ తరువాత బలమైన పంపు, పెద్ద ముందరి రేడియేటరు. అయితే అది మరీ మందమైతే దాని వెనుకనున్న ఇంజను రేడియేటరుకు గాలి ఆడదు. ఒక వేడి తగ్గించబోయి మరొకటి తెచ్చుకుంటాము. నీళ్ళ డబ్బా పెంచితే వేడెక్కడం ఆలస్యమవుతుందే కాని ఆగదు. పుల్లీ అన్నిటికంటె చివరిది.

చలిదేశాలలో నీరు గడ్డకట్టకుండా సగానికి సగం గ్లైకాలు కలుపుతారు. గ్లైకాలు కలిసినకొద్దీ నీటికి వేడి మోసే శక్తి తగ్గుతుంది. మంచు అంటే ఐసుబండి దగ్గర తప్ప ఎరుగని విజయవాడలో, ఇంటర్‌కూలరు నీటి దారి ఇంజను నీటి దారితో కలవకుండా వేరుగా ఉన్న బండికి, తయారీదారు ఒప్పుకుంటే, గ్లైకాలు తగ్గించి, స్వేదనజలంలో తుప్పు పట్టనివ్వని మందు మాత్రం తప్పక కలిపి వాడుకోవచ్చు. ఖర్చు స్వల్పం. ఈ మాట మావాడికి ఆ దుకాణంలో ఎవరూ చెప్పలేదు. అమ్ముడుపోయే మాట కాదు కదా!

"కొనేవాళ్ళకు ఈ వివరాలు అక్కరలేదు" అని దుకాణదారులు అంటారు. అక్కరలేదని ఎవరు అడిగి తెలుసుకున్నారు? అర్థం కాని భాషలో చెప్పి, తలూపితే అంగీకారమనుకోవడం మోసానికి మొదటి మెట్టు. మా మిత్రుని వాదం మరొక విధమైనది. తగిన పారిభాషిక పదాలు పుట్టించిన తరువాతనే తెలుగులో శాస్త్రం చెప్పాలట. ఇంటర్‌కూలరుకు "సంపీడిత వాయు శీతలీకరణి" అని వారే ఒక పదం ప్రసాదించారు. ఆ మాట పూర్తయ్యేలోగా ఆటోనగర్‌లో షట్టరు దించేస్తారు. దాచడం ఎందుకు, ఒకప్పుడు నేనూ అటువంటి పదాలు పుంఖానుపుంఖంగా తయారుచేసినవాడినే. పంపు, పుల్లీ, రేడియేటరు మన నోట నలిగి తెలుగు మాటలైపోయాయి. లారీ ఇంజన్ల పేర్ల చివర టీసీఐసీ అన్న నాలుగక్షరాలలో ఆ చివరి రెండూ ఇంటర్‌కూలరువేనని ఆటోనగర్ కుర్రవాడికి తెలుసు. భాషకు ప్రాణం నామవాచకాలలో లేదు, క్రియలో ఉన్నది. వేడెక్కడం, చల్లారడం, తిరగడం, తోయడం, మోయడం, నిలిచిపోవడం: వీటితో చెప్పలేనిది ఈ విషయంలో ఏమున్నది? దుకాణంవాడు ఇంగ్లీషు నామవాచకాల వెనుక దాక్కున్నాడు. మనం సంస్కృత నామవాచకాల వెనుక దాక్కుంటున్నాము. ఇద్దరి వల్లా నష్టపోయినవాడు మా మేనల్లుడే.

అందుకని బండి ఉన్నవారికి నా మనవి. మూడు ప్రశ్నలు తెలుగులో అడగండి. "ఈ వేడి ఎక్కడ పుట్టి, ఏ దారిన, ఎక్కడికి పోతుంది?" అన్నది మొదటిది. "పని చేయకముందు ఎంత వేడి, చేసిన తరువాత ఎంత? మే నెల మధ్యాహ్నం నా ఎదుట కొలిచి చూపుతావా?" అన్నది రెండవది. కొలిచే పరికరం చిన్నది. బండికి తగిలిస్తే ఫోనులోనే అంకెలు కనబడతాయి. "ఈ మార్పు చట్టానికి లోబడినదేనా?" అన్నది మూడవది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే సంవత్సరపు చట్ట సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. శిక్ష యజమానికి సుమా, బండిని ముట్టుకునే ముందే అడగండి.

సమాధానం తెలుగులో, అంకెలతో వస్తే నిశ్చింతగా తాళంచెవి ఇవ్వండి. రాకపోతే నమస్కారం పెట్టి ఇంటికి రండి.

ఆ విద్యార్థి జవాబుపత్రం ఇప్పుడు దొరకదు. దొరికితే ఆ ఎర్రసిరా మాట నా చేతితోనే కొట్టివేసేవాడిని. అది కుదరదు గనుక అతని షెడ్డులో నిలబడే ఆ మాట ఉపసంహరించుకున్నాను. అతడు నవ్వి, "అప్పుడు మీరు నన్ను బండి గురించి అడగలేదు కదండీ మాస్టారూ" అన్నాడు.